450 కిలోల గింజలకు 7 ప్లై అట్టపెట్టె: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: లెక్కలు

పోసేది పాలిథిన్ గింజలు. వదులుగా పోస్తే లీటరుకు 0.56 కిలో తూగుతాయి. పెట్టె కింద ఉండే చెక్క వేదిక, అంటే ప్యాలెట్, 1200 × 1000 మిల్లీమీటర్లు. ఈ డైరీలో యూనిట్ రాయని పొడవులన్నీ మిల్లీమీటర్లే. పెట్టె మీద పెట్టె, రెండు అంతస్తులుగా కంటెయినర్‌లోకి వెళ్లాలి. కింది పెట్టె కనీసం నెల రోజులు ఆ బరువు మోయాలి.

ఇంత పెద్ద పెట్టెల్ని అమెరికాలో గేలార్డ్ అంటారు. అది ఒకప్పటి తయారీ కంపెనీ పేరు, ఇప్పుడు పెట్టె పేరే అయిపోయింది. ఎనిమిది మూలలుంటే ఆక్టాబిన్. ఇక్కడ చేసేది ఎనిమిది మూలలదే. కారణం పొట్ట.

గోడకి పొట్ట వచ్చిందంటాం కదా, గింజలు పోసిన పెట్టెకీ అదే జబ్బు. 83 సెంటీమీటర్ల ఎత్తున గింజలు నిలిస్తే అడుగున గోడ మీద పక్కకి తోసే ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 170 కిలోలు. గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని, గోడని రాసుకుని కొంత బరువు అక్కడే ఆపుకుంటాయి కాబట్టి ఇంతతో సరిపోతోంది. అదే ఎత్తున నీళ్లుంటే 830 కిలోలు తోసేవి. గోడ వంగడం దాని వెడల్పుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నలుపలకల పెట్టెలో పొడవు గోడ 1130. మూలలు ఒక్కోవైపు 200 చొప్పున కోసేస్తే అదే గోడ 730. అంటే వంపు దాదాపు ఆరో వంతుకి పడిపోతుంది. మూలలు కోసినందుకు పోయే చోటు 8 శాతం లోపే. ఇంత చవక బేరం ఈ పెట్టెలో ఇంకెక్కడా దొరకదు.

లోపలి కొలత 1130 × 930. గోడ మందం 13, కాబట్టి బయటి కొలత 1156 × 956. ప్యాలెట్ అంచు దాకా ప్రతి పక్కా 22 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఈ డైరీలో చివరిదాకా గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే. పొట్ట 22 దాటితే పెట్టె ప్యాలెట్ బయటికి వచ్చినట్టే. ఆపైన పక్క పెట్టెతో రాపిడి, ఫోర్క్‌లిఫ్ట్‌తో చిరుగు.

2వ రోజు: ఎత్తు తగ్గింది

మొదట అనుకున్నది 1000 ఎత్తు, 500 కిలోల సరుకు. ప్యాలెట్ 150, గోడ నిలబడే అడుగు ట్రే, మూత కలిపి ఒక్కోటి 1164. రెండైతే 2328. మామూలు కంటెయినర్ లోపలి ఎత్తు 2390 దాకా ఉంటుంది, కానీ తలుపు దగ్గర 2280కి మించదు. లోపలి ఎత్తు చూసి పెట్టె గీస్తే సరుకు తలుపు దగ్గర ఆగిపోతుంది. పైగా ఫోర్క్‌లిఫ్ట్ కాస్త ఎత్తి నడపాలి, దానికీ చోటు కావాలి.

గోడ ఎత్తు 900కి దించాం. రెండు పెట్టెలు కలిపి 2128. తలుపు కింద 150 మిగిలింది. సరుకు 450 కిలోలు.

3వ రోజు: అట్ట

7 ప్లై అంటే నాలుగు చదును కాగితాలు, మధ్యలో మూడు ముడతల పొరలు. ముడతనే ఫ్లూట్ అంటారు, ఏ, బీ, సీ అక్షరాలు ముడత సైజుకి. ఇక్కడ ఏ, సీ, సీ ఫ్లూట్లు. చదును కాగితాలు బయట 300, లోపల రెండు 180, చివర 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు). ముడతలకి 150 జీఎస్ఎం. ముడతపడే కాగితం చదునుదానికన్నా ఎక్కువ పడుతుంది: ఏ ఫ్లూట్‌కి సుమారు 1.52 రెట్లు, సీకి 1.44. జిగురుతో కలిపి చదరపు మీటరుకు 1.68 కిలోలు తేలింది.

అట్ట అమ్మేవాళ్లు జీఎస్ఎం, బీఎఫ్ చెబుతారు. బీఎఫ్ కాగితం పగిలే బలం. మీద బరువు పడితే పెట్టె ఎంత ఆగుతుందో అది చెప్పదు. అడగాల్సింది అంచు నొక్కుడు బలం, అంటే ఈసీటీ. 100 × 25 ముక్క కోసి, ఫ్లూట్లు నిలువుగా నిలబెట్టి నొక్కే పరీక్ష. ముక్క అంచులు సమానంగా తెగకపోతే ఒక మూలే ముందు నలిగి అంకె తక్కువ వస్తుంది. అప్పుడు తప్పు కత్తిది, అట్ట మీద వేయకూడదు. మాకు కావాల్సింది మీటరుకు 14 కిలోన్యూటన్లు.

1963లో మెక్‌కీ బృందం ఇచ్చిన చిన్న సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5.87ని ఈసీటీతో గుణించి, దాన్ని చుట్టుకొలత, మందాల లబ్ధానికి వర్గమూలంతో గుణించాలి. చుట్టుకొలత 3692, మందం 13. జవాబు 18,000 న్యూటన్లు, అంటే 1835 కిలోలు. కింది పెట్టె మోసేది 490 కిలోలే (సరుకు 450, పెట్టె, గింజలు పోసే లోపలి సంచి, ప్యాలెట్ కలిపి 40). కాగితం మీద చూస్తే హాయిగా ఉంది.

ఇప్పుడు కోతలు. 1835 అనేది 23 డిగ్రీలు, 50 శాతం తేమలో కొన్ని నిమిషాల్లో నొక్కి చూసే అంకె. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్ట బలం దాదాపు సగం. బరువు నెల రోజులుంటే 0.6. ప్యాలెట్ పలకల మధ్య ఖాళీలకి 0.88 వేసుకున్నాం. మూడూ గుణిస్తే 0.264. మిగిలింది 484 కిలోలు. కావాల్సింది 490. ఈ సూత్రం గోడ నిటారుగా ఉందనుకుని చెప్పేది. పొట్ట వచ్చిన గోడకి ఆ 484 కూడా దక్కదు.

"గింజలే పై బరువు మోస్తాయిగా" అనే మాట వినిపిస్తుంది. సంచి మూతకి ఆనేదాకా నింపితే మోస్తాయి, నిజమే. కానీ దారిలో కుదుపులకి గింజలు సర్దుకుని మట్టం దిగుతుంది. ఆ మీదట బరువంతా గోడదే. ఆ ఆశ లెక్కలో వేసుకోలేదు.

5వ రోజు: గీత, కోత

ఫ్లూట్లు నిలువుగా ఉండాలి. అడ్డంగా గీస్తే పెట్టె అందంగానే నిలబడుతుంది, రెండో అంతస్తు పెట్టగానే కూర్చుంటుంది. షీటు మీద బాణం గుర్తు వేసి పెట్టడం మంచిది. ఇంత పెద్ద షీటు రెండుసార్లు తిప్పితే ఏ పక్క ఏదో గుర్తుండదు.

చుట్టుకొలత మొత్తం ఒకే షీటుగా తెస్తే 3.8 మీటర్లు, మెషీన్ మీద తిప్పడం కష్టం. రెండు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కలో వరసగా 288, 735, 288, 535, చివర జాయింటు పట్టీ 100. మొత్తం 1946. క్రీజు (మడత గీత) కొలతలు లోపలి కొలతలకన్నా 5 ఎక్కువ. మందం 13 అట్ట 45 డిగ్రీలు తిరిగితే మధ్య గీత దగ్గర ప్రతి మలుపుకీ ఒక్కో పక్క 2.7 మిల్లీమీటర్లు తింటుంది. పల్చటి అట్టకి దీన్ని పట్టించుకోరు. ఇక్కడ వదిలేస్తే ఎనిమిది మూలల్లో కలిపి 40కి పైగా తగ్గి, లోపల ఇంకో స్లీవ్ (అడుగూ మూతా లేని చుట్టు గోడ) దించాల్సి వస్తే పట్టదు.

అడుగు రెక్కలు నాలుగు పెద్ద పలకలకే, 150 పొడవు. మూల పలకలకి రెక్క లేదు, 900 దగ్గర నేరుగా కోత. పెద్ద పలకల మీద రెక్క క్రీజు పై అంచు నుంచి 893 దగ్గర. మడిచాక సగం మందం కలిసి 900 అవుతుంది. ఈ 7 మిల్లీమీటర్లు మరిస్తే పెద్ద పలకలు మూల పలకలకన్నా ఎత్తుగా నిలిచి, బలమైన మూలలకి బరువు అందదు.

రెక్కలు ఎందుకంటే: రెక్క లేని స్లీవ్‌ని ట్రేలో ఊరికే నిలబెడితే గింజలు తోసినప్పుడు అడుగు అంచు ట్రే గోడని చింపుకుని బయటికి జారుతుంది. రెక్క ఉంటే సరుకు బరువే దాన్ని తొక్కిపెట్టి, గోడ అడుగుని కట్టేసినట్టు పట్టుకుంటుంది. మూలలు కోసి ఉన్నాయి కాబట్టి రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, అంతటా ఒకే మందం. మధ్యలో మిగిలే 830 × 630 గుంటకి 820 × 620 సైజు 7 ప్లై ప్యాడ్ వేస్తే అడుగు సమం.

6వ రోజు: జాయింటు

పట్టీ మూల పలక మీద పడాలి, అదీ బయటి వైపు నుంచి. లోపల అతికిస్తే 13 మిల్లీమీటర్ల మెట్టు వచ్చి లోపలి స్లీవ్‌కి అడ్డం. బయట పట్టీ వల్ల ఇబ్బంది లేదు, కోసిన మూల దగ్గర ట్రేలో చోటు ఖాళీగానే ఉంటుంది.

జిగురు పట్టీ మొత్తానికీ పూసి, బరువు పెట్టి ఆరనిచ్చాక 60 మిల్లీమీటర్లకొకటి పిన్ను. పిన్ను మొనలు బయటి వైపుకి తిరిగి నలిగి ఉండాలి. లోపలికి తేలిన ఒక్క మొన చాలు, సంచికి చిల్లు పడుతుంది. అతికించాక అరచేతితో లోపల జాయింటు పొడవునా తడిమి చూడటం పనిలో భాగం. పిన్నుల్ని మాత్రమే నమ్ముకుంటే పొట్ట లాగుడికి ప్రతి పిన్నూ కాగితాన్ని కొంచెం కొంచెం కోస్తుంది. లాగుడు ఆపేది జిగురే, పిన్ను అది ఆరేదాకా పట్టుకునే చెయ్యి.

8వ రోజు: మొదటి నింపు

లోపలి స్లీవ్ లేకుండా, 7 ప్లై ఒక్కటే. సంచి 100 మైక్రాన్లు, చుట్టుకొలత 3900. పెట్టె లోపలి చుట్టుకన్నా సంచి చుట్టు ఎక్కువ ఉండి తీరాలి. బిగుతు సంచి గోడకి ఆనకముందే తాను లాగుడు పడి అతుకు దగ్గర విడిపోతుంది. పొడవు 2000: అడుగు మడతకి, గోడకి, పైన ముడి వేయడానికి. అడుగు మూలల్లోకి సంచిని చేత్తో తోసి కూర్చోబెట్టాక గానీ గింజలు వదలకూడదు.

గింజలు నడిమధ్య పడాలి. ఒక పక్క పడితే ఆ గోడే ముందు తోపుడు తిని స్లీవ్ మొత్తం పక్కకి ఒరుగుతుంది. ఒకసారి ఒరిగాక తరువాత పోసిన బరువు దాన్ని నిలబెట్టదు. పోసినప్పుడు గుట్ట కడుతుంది, దాని పక్కవాలు 30 డిగ్రీల ప్రాంతం. 930 వెడల్పులో గుట్ట శిఖరం అంచుకన్నా పావు మీటరు ఎత్తుంటుంది. అందుకే 150 కిలోల దగ్గర ఒకసారి, 300 దగ్గర ఒకసారి ఆపి చదును చేశాం. చివర్లో ఒకేసారి చదును చేద్దామంటే పారకి మూలలు అందవు. గింజలు గొట్టంలో గాలితో వస్తుంటే రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. గొట్టానికి ఎర్తింగ్ ముందే ఉండాలి.

450 కిలోలు పడ్డాక మట్టం 830 దగ్గర నిలిచింది. 24 గంటలకి పొడవు పలక పొట్ట 27. అడుగు నుంచి 290 ఎత్తులో శిఖరం. ఒత్తిడి ఎక్కువ ఉండేది అట్టడుగున, కానీ అక్కడ రెక్క పట్టుకుని ఉంది. అందుకే పొట్ట ఎప్పుడూ మూడో వంతు ఎత్తులో కనిపిస్తుంది. కొలిచేది ఇలా: రెండు నిలువు క్రీజుల మీద నిటారు బద్ద అడ్డంగా ఆనించి చూడాలి. గోడ ఉబ్బి ఉంటే బద్ద ఆనదు. అందుకని బద్ద రెండు చివర్లా 50 మిల్లీమీటర్ల దిమ్మలు కట్టి, మధ్యలో మిగిలిన ఖాళీని 50 లోంచి తీసేయడం తేలిక.

22 హద్దుకి 27. ఈ పెట్టె పనికిరాదు.

10వ రోజు: లోపలి స్లీవ్

రెండు దారులు: బయటి అట్ట ఇంకా బరువుది వాడటం, లేదా లోపల 5 ప్లై స్లీవ్ దించడం. రెండోదే మంచిదనిపించింది. బయటి అట్ట బరువు పెంచితే క్రీజు పగలడం మొదలవుతుంది.

5 ప్లై బీ, సీ ఫ్లూట్, మందం 6.5, ఈసీటీ 8. పలకలు 726, 526, మూలలు 279. ఇది మోసేది సూత్రం ప్రకారం మరో 734 కిలోలు. రెండూ కలిపి 2569. అదే 0.264తో తగ్గిస్తే 678. కావాల్సిన 490కి 1.38 రెట్లు.

కాకపోతే రెండు స్లీవ్‌లూ ఒకే క్షణంలో బరువందుకుంటేనే ఈ కూడిక నిజం. లోపలిది 4 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే బయటిది నలిగాక గానీ దానికి బరువు తెలియదు. అది అడుగు రెక్కల మీద నిలబడుతుంది కనుక ఎత్తు 900 కాదు, 887. ఇక్కడే మొదటి ముక్క పాడైంది. మూల పలకల కింద రెక్క లేదని మరిచి అంతటా 887 కోస్తే, నాలుగు మూలలూ ట్రేకి 13 మిల్లీమీటర్లు పైన వేలాడాయి. పెట్టెలో ఎక్కువ బరువు మోసేవే మూలలు. రెండో ముక్కలో మూల పలకల్ని 900 ఉంచి, పెద్ద పలకల అడుగు మాత్రం 13 కోశాం. దించాక పై అంచు మీద నిటారు బద్ద తిప్పితే ఎక్కడా వెలుతురు రాకూడదు.

దీనికి అతుకు పట్టీ లేదు. అంచుకి అంచు కలిపి టేపు, అదీ మూల పలక మధ్యలో. చుట్టూ లాగుడు మోసేది బయటిదే కాబట్టి ఇది చాలు. బయటి జాయింట్లున్న మూలల్లో కాక మిగతా మూలల్లో వచ్చేట్టు తిప్పి దించాలి.

మళ్లీ 450 కిలోలు నింపితే మట్టం 853కి వచ్చింది. పొట్ట 21. హద్దు లోపలే గానీ గీత మీద నడుస్తోంది.

11వ రోజు: పట్టీలు

16 మిల్లీమీటర్ల పెట్ స్ట్రాప్ (ప్లాస్టిక్ పట్టీ) రెండు, పెట్టె చుట్టూ అడ్డంగా: 200 ఎత్తులో ఒకటి, 380లో ఒకటి. పట్టీ గురించి ఒక అపోహ ఉంది, బిగిస్తే పొట్ట లోపలికి పోతుందని. పోదు. చదునైన పలక మీద పట్టీ ఆనేది రెండు మూలల దగ్గరే, మధ్యలో గాలి. గోడ ఉబ్బి పట్టీని తాకాక అది ఆపడం మొదలుపెడుతుంది. కాబట్టి పట్టీలు నింపకముందే వేయాలి. నింపాక గట్టిగా బిగిస్తే మూల క్రీజుల్లో ఫ్లూట్లు నలిగి, నిలువు బలం అక్కడే పోతుంది. వేలు దూరేంత వదులు, మూలల్లో పట్టీ కింద గట్టి అట్ట కోణం.

24 గంటలకి పొట్ట 17.

12 నుంచి 19వ రోజు: బరువు కింద

తడి గదిలో, 85 నుంచి 90 శాతం తేమలో, మూత మీద 490 కిలోలు. ఎత్తు నాలుగు మూలల దగ్గరా కొలిచాం. మొదటి గంటలో 3 మిల్లీమీటర్లు దిగింది, మూడో రోజుకి 5, ఏడో రోజుకి 6. పొట్ట 19. చూడాల్సింది ఎంత దిగిందని కాదు, దిగే వేగం తగ్గుతోందా లేదా అని. తగ్గుతూ వచ్చిన వేగం మళ్లీ పెరగడం మొదలైతే పెట్టె కూలబోతోందని అర్థం, ఆ పెట్టె కిందికి మనిషి వెళ్లకూడదు.

మొదటి రోజు ఒక మూల మాత్రం 7 దిగింది. పైన పెట్టిన ప్యాలెట్ అడుగున మూడే దిమ్మెల వరసలున్నాయి, ఆ వరస స్లీవ్ అంచు మీద పడలేదు. మూత అట్ట వంగి లోపలికి పోయింది. అడుగున నాలుగు పక్కలా చుట్టు పలక ఉన్న ప్యాలెట్ మార్చాక నాలుగు మూలలూ సమంగా దిగాయి. పెట్టె ఎంత బాగా చేసినా పై ప్యాలెట్ అడుగు చూడకపోతే పని సగమే.

20వ రోజు: తేమ

ప్యాలెట్ కర్ర తేమ 20 శాతం లోపు ఉండాలని రాసుకున్నాం. ఎగుమతి ప్యాలెట్ల మీద కర్రని వేడి చేశారని చెప్పే ముద్ర ఉంటుంది. ఆ ముద్రకి అర్థం కర్ర లోపల 56 డిగ్రీలు 30 నిమిషాలు ఉందని, పురుగు చచ్చిందని. ఎండిందని కాదు. పచ్చి ప్యాలెట్ మూసిన కంటెయినర్‌లో తన నీళ్లు గాలికి వదులుతుంది, రాత్రి చల్లబడిన రేకు పైకప్పు నుంచి అవే చుక్కలుగా మూతల మీద పడతాయి. మూత మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే చుక్క ఆగుతుంది. షీటుని పెట్టె చుట్టూ కిందిదాకా మాత్రం చుట్టకూడదు, లోపలి తేమ అక్కడే చిక్కుతుంది.

21వ రోజు: భాగాల చివరి పట్టిక

బయటి స్లీవ్: 7 ప్లై, 1946 × 1043 షీట్లు 2, మొత్తం 6.8 కిలోలు.
లోపలి స్లీవ్: 5 ప్లై, చుట్టు 3620, ఎత్తు 887, మూలల్లో 900.
ట్రే: 5 ప్లై, లోపల 1162 × 962, అంచు 120.
మూత: 5 ప్లై, లోపల 1166 × 966, అంచు 100.
అడుగు ప్యాడ్: 7 ప్లై, 820 × 620.
సంచి 1, అడ్డ పట్టీలు 2, మూత మీదుగా ప్యాలెట్‌కి నిలువు పట్టీలు 2.
సంచి, పట్టీలు కాక పెట్టె బరువు సుమారు 14 కిలోలు.

నిలువు పట్టీలు కదలకుండా పట్టడానికే. మెషీన్‌తో లాగి బిగిస్తే ఆ లాగుడు పై బరువుకి తోడవుతుంది.

22వ రోజు: ఎత్తడం, ఖాళీ చేయడం

ప్యాలెట్‌ని 1000 లోతు వైపు నుంచి ఎత్తితే, 1150 పొడవు ఫోర్కు అవతల 150 బయటికి వస్తుంది. వెనక ఇంకో పెట్టె ఉంటే దాని అడుగు పలక మీద సరిగ్గా ఫోర్కు వెడల్పు చిల్లు. పొట్ట శిఖరం కన్నా కింద, ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటే పడుతుంది కాబట్టి గింజలు ఆగవు. ఫోర్కు మీద 1000 దగ్గర రంగు గీత వేయించాం.

గాలి గొట్టంతో లాగి ఖాళీ చేస్తే చివరి 20 కిలోల దాకా మూలల్లో మిగులుతున్నాయి. సంచిని నాలుగు కొసల దగ్గరా ఎత్తి నడుమకి తెస్తే అవీ వస్తాయి, కానీ ఒక మనిషి పెట్టె మీదికి వంగాలి, అప్పుడు ఖాళీ స్లీవ్ అంచు నలుగుతోంది. తిరిగి వాడే పెట్టెకి అది నష్టం. తరువాతి ప్రయత్నం: అడుగు ప్యాడ్ కింద ఒక పక్క చెక్క బద్ద పెట్టి, సంచి అడుగుని గొట్టం వైపు వాలుగా ఉంచడం. బద్ద మందం 40తో మొదలు. మట్టం పెరిగి మూతకి తగిలితే సరుకు 440కి దించాలి.